ఒకే కర్రకు ఇద్దరు బావలు

మొక్కు మా అమ్మది, కాళ్ళు మావి. నేను విషజ్వరంతో మంచాన పడ్డప్పుడు, పిల్ల లేచి తిరిగితే కూతుర్నీ అల్లుణ్ణీ శివరాత్రికి శ్రీశైలం నడిపిస్తానని, తోడుగా కొడుకునూ పంపిస్తానని మల్లన్నకు మాట ఇచ్చేసింది. తన మోకాళ్ళు ఆ కొండలకు పనికిరావని ఆమెకు ముందే తెలుసు. మా ఆయనా, మా అన్నా రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదనీ తెలుసు. మల్లన్నకు మాత్రం ఈ రెండో సంగతి చెప్పినట్టు లేదు.

మాటలు పోయింది ఒక ఎద్దు మూలాన. మా అన్న తన కొట్టంలోని ఎద్దును మెత్తనిదని చెప్పి మా ఆయనకు ఇచ్చాడు. అది మెత్తనిదే. సగం చాలు దున్ని అక్కడే పడుకునేది. "మా బావ నాకు ఎద్దును ఇయ్యలా, పరుపు ఇచ్చాడు" అని మా ఆయన కల్లంలో పదిమంది ముందు అన్నాడు. "తోలేవాడు గట్టిగా నిలబడితే ఎద్దు కూడా నిలబడుద్ది" అని మా అన్న కబురు పంపాడు. అంతటితో సరి. ఇద్దరికిద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

మధ్యలో నలిగింది నేను. మా వైపు ఆడపిల్లను పుట్టింటికి తీసుకుపోవాలంటే అన్నో తమ్ముడో వచ్చి, బావ ఎదురుగా నిలబడి, "చెల్లెల్ని పంపించు బావా" అని నోటితో అడగాలి. కబుర్లు చెల్లవు. "అడిగితే పంపనన్నానా? అడగమను" అంటాడు మా ఆయన. "ఎద్దు మంచిదేనని ఒప్పుకోమను, అడుగుతా" అంటాడు మా అన్న. మాచర్ల దగ్గర మా అత్తిల్లు, గురజాల దగ్గర పుట్టిల్లు. పొద్దున బండి కడితే మధ్యాహ్నం అన్నానికి అందుకుంటాం. ఆ కాస్త దూరం నాకు రెండేళ్ళు కాశీ అయి కూర్చుంది. జ్వరమప్పుడు మా అమ్మ ఒక్కపూట వచ్చి, కూతురింట్లో మంచినీళ్ళయినా ముట్టకుండా ఏడ్చుకుంటూ పోయింది. అందుకే శ్రీశైలం అనగానే నాకు భక్తికంటే ముందు ఆశ పుట్టింది. అన్ని రోజులు ఒకే దారిన నడిస్తే, నోళ్ళు ఎక్కడో ఒకచోట తెరుచుకోవా అని.

కొండ మొదట్లో ఉన్న దోర్నాల దాకా బండ్లలో పోయాం, అక్కణ్ణుంచి నడక. మాదొక బండి, అన్నదొక బండి. పల్నాడు వాళ్ళం మేం బండిని చూసి సామాను సర్దుతాం గానీ వీపును చూసి సర్దం. బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం, ఇనుప పెనం నేను తెచ్చాను. నేను తేలేదేమోనని అవన్నీ మళ్ళీ మా అమ్మ పంపింది. పైగా జాడీడు గోంగూర పచ్చడి. అక్కడ మేం కలిసిన యాత్రికుల గుంపుకు పెద్ద, చానాసార్లు ఆ కొండలెక్కిన ముసలాయన. తన సామానంతా ఒక తువ్వాల్లో కట్టుకొచ్చాడు. మా గుట్ట చూసి, "ఏందమ్మా, కొండమీద కాపురం పెడతారా?" అన్నాడు. సగం బండ్లలోనే వదిలేయించి, మిగిలిందంతా ఒకే గోతంలో కుక్కి, ఒక వెదురు బొంగుకు వేలాడగట్టి, "బావలిద్దరూ చెరో కొసా పట్టండి" అన్నాడు.

మాకు మాటల్లేవని అనడానికి ఇద్దరికీ నామోషీ. మొయ్యలేనని అనడానికి ఇంకా నామోషీ. పట్టారు.

అన్న పొట్టి. మా ఆయన పొడుగు. అన్న ముందు, ఆయన వెనక. బరువంతా జారి అన్న భుజం మీదికొచ్చేది.

"ఏమే, మీ ఆయన్ని కాస్త వంగి నడవమను."

"మీ అన్నని కాస్త ఎదగమను."

ఇద్దరూ నాతో చెబుతారు. నేను మోసుకుపోవాలి. "రాయుందని చెప్పు" అని అన్న అంటే, నేను ఆ మాట వెనక్కి చేర్చేలోపలే ఆయన బొటనవేలు దానికి తగిలేది. "ఆ మాట ముందు చెప్పొద్దూ?" అని నా మీద కేకలు. కొండదారిలో ముందుకీ వెనక్కీ ఉరుకుతూ అందరూ ఒకసారి నడిచిన శ్రీశైలం నేను రెండుసార్లు నడిచాను.

దించుదామని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనరు. ముందు అన్నవాడు ఓడిపోయినట్టు. దాంతో గుంపులో అందరికంటే ముందు మజిలీకి చేరేది మేమే. చెమటతో తడిసి, నాలుకలు బయటపెట్టి, బావలిద్దరూ చెరో చెట్టుకు ఆనుకుని చెరో దిక్కు చూస్తూ కూర్చునేవాళ్ళు. గుంపు పెద్దకు అదంతా ప్రేమగా కనపడింది. "మాట లేదు, పలుకు లేదు, ఎంత కుదురు! బావలంటే ఇట్టా ఉండాలిరా" అని కుర్రాళ్ళకు చూపించేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. సాయంత్రం మూడు రాళ్ళ మీద అన్నం వార్చాక, మా ఆయన చెట్టు చాటుకు పిలిచి, "కాస్త ఆముదం రాయవే, మీ అన్నకు చెప్పబాక" అనేవాడు. అటు పోతే అన్న పంచె మోకాళ్ళ పైకి లాక్కుని, "ఆముదం ఉందా? మీ ఆయనకు తెలియనియ్యకు" అనేవాడు. ఒక్క సీసాతోనే ఇద్దరి పరువూ కాపాడాను.

దుమ్ముకూ, హరహర మహాదేవ కేకలకూ, ఈ రాయబారానికీ నా గొంతు పోయింది. పోయింది కూడా సరిగ్గా లోయలోకి దిగాల్సిన రోజున. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఇక ఎవరి కర్మకు వాళ్ళని వెనక నడిచాను.

అక్కడ దారి నిట్టనిలువుగా దిగుతుంది. గోతం జారి జారి అన్న వీపుకు ఆనుకుంది. ఆగమని అన్న కర్రమీద వేళ్ళతో కొట్టాడు. త్వరగా నడవమంటున్నాడనుకుని ఆయన ఇంకాస్త తోశాడు. అన్న కాలు జారి ఒక బండ మీదికి బోర్లా పడ్డాడు. గోతం వచ్చి వీపున ఠప్పున తగిలింది. "అబ్బా" అన్నాడు. చూస్తుండగానే వీపంతా ఎర్రగా తడిసి, ఎరుపు పంచె మీదికి కారింది.

"బావా!" అని మా ఆయన పెట్టిన కేకకు కొండ మారుమోగింది. కర్ర అవతల పారేసి, ఒక్క దూకులో పోయి అన్నను పట్టుకున్నాడు. "రక్తం బావా, రక్తం! కదలబాక!" అవి యుద్ధం రోజులు. పంచె దొరకాలంటే కంట్రోలు దుకాణం ముందు పూటంతా నిలబడాలి. అట్లా సంపాదించిన కొత్త పైపంచెను పర్రున చించి అన్న వీపుకు చుట్టాడు. "మంట బావా, భగ్గున మండుతోంది" అని అన్న కళ్ళు తేలేశాడు. నేను గొంతులేని ఏడుపు ఏడుస్తున్నాను.

గుంపు పెద్ద దిగి వచ్చాడు. పంచె పక్కకు తీసి, వేలితో కాస్త అద్దుకుని, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"గోంగూర" అన్నాడు. "ఉప్పు చాల్లా."

జాడీ పగిలి, పెంకులు గీరుకున్న వీపు మీద కారం నూనె పోసిందన్నమాట. గుంపంతా కూలబడి నవ్వింది. అన్న లేచి, దుమ్ము దులుపుకుని, చల్లగా అన్నాడు:

"ముందు మాట్లాడింది నువ్వే బావా."

"చస్తావనుకుని మాట్లాడా. బతుకుతావని తెలిస్తే మాట్లాడేవాణ్ణా? అయినా ముందు 'అబ్బా' అన్నది నువ్వు."

"అబ్బా అనేది మాటేంది? దెబ్బ తగిలితే గొడ్డు కూడా అరుస్తది."

ఆ క్షణం నుంచి ఇక నోళ్ళు మూతపడలేదు. చేతులు తిప్పుతూ వాదించడానికి పదడుగులకోసారి కర్ర దించేవాళ్ళు. అందరికంటే ముందుండే మేము అందరికంటే వెనకబడ్డాం. శిఖరేశ్వరంలో నంది కొమ్ముల మధ్య నుంచి చూసి, గుడి శిఖరం కనపడిందని మా అన్న, అది చెట్టు కొమ్మని మా ఆయన. గుళ్ళో లింగానికి తల ఆనించి నేను ఒక్కటే అడిగాను. నోళ్ళు తెరిపించావు, ఆ అడగాల్సిన మాట కూడా అడిగించు తండ్రీ అని.

తిరుగుదారంతా ఎదురుచూశాను. మాచర్లలో దారులు చీలే చోట రెండు బండ్లూ ఆపి ఎడ్లకు నీళ్ళు పెట్టారు. మూట చంకన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఇద్దరూ ఇంకా 'అబ్బా' దగ్గరే ఉన్నారు. ఎడ్లు నీళ్ళు తాగేశాయి. అన్న మళ్ళీ బండి కడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని వేల మాటలాడారు, నాకు కావాల్సిన ఆ ఒక్క మాట ఇద్దరికీ గుర్తులేదు!

"ఇదే ముక్క మా అమ్మ ముందు అను చూద్దాం!" అన్నాడు అన్న.

"అత్తంటే నాకేం భయం? ఆమే చెబుద్ది న్యాయం."

"అయితే నీ బండీ అటు తిప్పు!"

"తిప్పుతా, పద!"

వాళ్ళిద్దరికంటే ముందు నేను బండెక్కి కూర్చున్నాను.

పుట్టింటి వాకిట్లో దిగీ దిగకముందే ఇద్దరూ అమ్మను చెరోవైపు పట్టుకుని ఫిర్యాదు మొదలెట్టారు. ఆమె ఒక్క ముక్క వినలేదు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, చిక్కిపోయావే అని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, రెండేళ్ళదీ కలిపి. లోపల వాళ్ళిద్దరూ పక్కపక్క పీటల మీద కూర్చుని తగువాడుకుంటూనే అన్నం తింటున్నారు. తగువు తెమిలితే మా ఆయన నన్ను ఇంటికి బయల్దేరదీస్తాడు. అందుకని శ్రీశైలం దిక్కుకు తిరిగి, ఇది ఇప్పట్లో తెమలకుండా చూడు మల్లన్నా అని దండం పెట్టుకున్నాను.