పెన్సిల్‌తో రాసిన మొలక

"అక్కా, ఈ పొద్దు విత్తనమెయ్యను గొర్రు కట్టినాం. వానకు నేల పదును బాగుండాది," అని ఫోన్లో చెప్పాడు మా తమ్ముడు. "ఇంగో మాట. మన ఇంగ్లీషు సారు పోయినాడు. తెల్లారుజామున, నిద్దట్లోనే."

వాడికి వాన కబురైనా చావు కబురైనా ఒకటే గొంతు. అప్పుడు నేను అనంతపురంలో, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి వరండాలో ఉన్నాను. లోపల పిల్లలు ఇంగ్లీషు పర్యాయపదాలు వల్లె వేస్తున్నారు. నేను గైడు చూసి బోర్డు మీద రాసిచ్చినవే. "ఎమర్జ్ అంటే బయటికి వచ్చుట" అని ఒక వరస అరిచింది. ఆ మాట చెవిన పడగానే నాకు దుఃఖం ఆగలేదు. ఎందుకో మీకు చెప్పాలంటే మా సారు గురించి చెప్పాలి.

ముదిగుబ్బ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి, ఉద్యోగానికి మా ఊరొచ్చి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. బెత్తం లేకుండా క్లాసుకి వచ్చేవారు కాదు. దానితో ఎవర్నీ కొట్టగా మాత్రం మేం చూడలేదు. వీపు గోక్కోవడానికి బాగా పనికొచ్చేది.

ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. మేం దాన్ని పుట్టుకల పుస్తకం అనేవాళ్లం. లోకంలో ఏదైనా కొత్తగా పుట్టడానికి ఇంగ్లీషులో ఉన్న క్రియలన్నీ పేజీకొకటి చొప్పున అందులో ఉండేవి. పుస్తకంలో ఎక్కాలంటే ఒకటే షరతు. ఆ పుట్టడాన్ని కళ్లారా చూసి రావాలి. సారు స్వయంగా వెళ్లి చూసి, నిజమైతే తన ఇంకు పెన్ను మన చేతికిచ్చి, మన పేరుతో సహా మన చేతనే రాయించేవారు. "చూసినోళ్లే రాయల్ల. నేను రాస్తే అది నా మాట అయితాది, మీది కాదు," అనేవారు.

గొర్రెలు కాసే ఇంటి అమ్మాయి ఒకతి పరుగెత్తుకొచ్చి, "సార్, మా గొర్రెపిల్ల హ్యాచ్ అయినాది" అంది. "ఏమ్మే, మీ గొర్రె గుడ్డు పెట్టినాదా?" అని ఆయన నవ్వితే క్లాసంతా పడీపడీ నవ్వింది. హ్యాచ్ కోడిపిల్లకి, బార్న్ గొర్రెపిల్లకి. మబ్బు ఫామ్ అవుతుంది, తగువు అరైజ్ అవుతుంది. "అన్నీ పుట్టేవే గాని, దేని మాట దానికుంటాది. ఒకదాని మాట ఇంగోదానికి ఇయ్యగూడదు," అనేవారు. క్రాప్ అంటే పంటే అయినా, అనుకోని కష్టం వచ్చిపడితే క్రాప్ అప్ అంటారని చెప్పిన రోజు కిటికీలోంచి బీడు పడ్డ చేలకేసి చూసి, "మనకాడ మొలిచేది అదొక్కటే కదప్పా," అన్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నా ఎనిమిదో తరగతిలో వాన ముఖం చాటేసింది. మొదటి చినుకులకే ఆశపడి నాయన వేరుశనగ విత్తాడు. ఆ తర్వాత మబ్బు పట్టలేదు. క్లాసులో దాదాపు అందరి పేర్లూ పుస్తకంలో ఎక్కాయి, నాది తప్ప. నాకు రోషం ఎక్కువ. ఒక రోజు లేచి నిలబడి, "సార్, మా చేన్లో శెనిక్కాయలు ఎమర్జ్ అయినాయి," అనేశాను.

సారు ముఖం వెలిగిపోయింది. ఊళ్లో ఎవరి చేనూ మొలవని ఏడాది అది. బడి వదలగానే సైకిలెక్కారు. నేను అడ్డదారిన పరుగెత్తినా ఆయనే ముందు చేరారు. నాయన చేలో గొంతుక్కూర్చుని వేలితో సాలు తవ్వి చూస్తున్నాడు.

"యాడ మొలిచినాయి సారూ? చూడు, విత్తనమంతా చచ్చిపోయినాది," అని ముడుచుకుపోయిన గింజల్ని అరచేతిలో చూపించాడు.

నేను గట్టు మీదే ఆగిపోయాను. సారు నా వైపు ఒక్కసారి చూశారు. "ఏం లేదప్పా. ఈ పక్క పోతాంటే నువ్వు కనపడినావు, పలకరిద్దామని వచ్చినా," అని నాయన పక్కనే ఆ సాల్లో కూర్చున్నారు. తనూ వేలితో సాలు తవ్వసాగారు.

మర్నాడు అందరూ వెళ్లాక నన్ను పిలిచి పుస్తకం తెరిచారు. చేతికి ఇంకు పెన్ను కాదు, పెన్సిల్ ఇచ్చారు.

"రాయి. ఎమర్జ్, వేరుశనగ మొలక, నీ పేరు."

"అబద్ధం చెప్పినా సార్," అని ఏడ్చాను.

"తెలుసులే. మొలిస్తే బాగుండునని చెప్పినావు. మొలిచిన పొద్దు వచ్చి ఇంకుతో దిద్దు. అంతవరకు పెన్సిల్‌తో ఉండనీ."

నేను వెళ్లలేదు. తర్వాతి ఏడు వాన పడింది, మొలకలూ వచ్చాయి. ఆ పేజీ చూడాలంటేనే నాకు సిగ్గు. ఆ పైన కాలేజీ, బి.ఇడి., అనంతపురం. ఒకసారి ధర్మవరం బస్టాండులో ఎదురుపడి, నమస్కారమైనా అందుకోకుండా, "ఏం పాపా, మొలిచినాయా?" అన్నారు.

"పోయినేడు బాగా వచ్చినాయి సార్."

"అయితే వచ్చి దిద్దు మే."

"వస్తా సార్," అన్నాను. బస్సొస్తే ఎక్కేశాను. ముసలాయన సరదాకి అంటున్నారనుకున్నాను. నాలాంటి తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను మేం అమ్మా అనే పిలుస్తాం. ఆమె పుట్టుకల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పట్టుచీర తునకతో అట్ట వేసి ఉంది.

"ఆ పెన్సిల్ రాత నీదేనంట గదమ్మా. ఏటా విత్తనాలప్పుడు మీ చేనికాడికి పోయొస్తాండె. మోకాళ్ల నొప్పులని చెప్పినా ఇనేవాడు కాదు."

పేజీ తీశాను. నా రాత కింద చిన్న అక్షరాలతో ఆయన రాత, ఏటికొక వరస. "మొలక రాలేదు." దాని కింద, "వచ్చింది. పాప రాలేదు." మళ్లీ, "వచ్చింది. పాప రాలేదు." కొన్నేళ్లు మొలకే రాలేదు. అట్లా పేజీ అడుగు దాకా ఉంది.

పైనున్న నా అక్షరాలు ఇన్నేళ్లకి చెరిగిపోయి ఉండాలి. చెరగలేదు. దగ్గరగా చూస్తే తెలిసింది. మాసినప్పుడల్లా సారే నా వంకర అక్షరాల మీద మళ్లీ పెన్సిల్‌తో దిద్దుతూ వచ్చారు. ఇంకు మాత్రం పెట్టలేదు. చూసినోళ్లే రాయాలి కదా. ఆయన చేత్తో దిద్దిన నా పేరు చూసి, ఆ ఇంట్లో అందరి ముందూ గట్టిగా ఏడ్చాను.

అమ్మను అడిగి పుస్తకం, ఆయన ఇంకు పెన్ను తీసుకుని చేనికి వెళ్లాను. తమ్ముడు విత్తిన గింజలు మొలిచాయి. ఒక్కో మొలక ఎర్రమన్ను పెళ్లను నెత్తి మీద మోస్తూ పైకి లేస్తోంది. పాతికేళ్లు పిల్లలతో వల్లె వేయించిన మాటను ఆ రోజు మొదటిసారి ఆగి చూశాను.

సారు నాయన పక్కన కూర్చున్న చోటే కూర్చుని నా అక్షరాల మీద ఇంకు పెట్టాను. పేజీ అడుగున కొద్దిగా జాగా ఉంటే, "వచ్చింది. పాప వచ్చింది. సారు లేడు," అని రాశాను.

గాలికి ఇంకు తొందరగానే ఆరింది. దాని అంచుల్లో ఆయన పెన్సిల్ గీత ఇంకా కనిపిస్తూనే ఉంది.