ఎర్రగీత మేస్త్రి

బ్రేకుల పని చేసేవాడికి ధైర్యం ఉండకూడదని మేస్త్రి నమ్మకం. ఆ లెక్కన ఆయనంత పనిమంతుడు మరొకడు ఉండడు. గ్యాసు కట్టేశాడో లేదో మూడుసార్లు చూస్తాడు. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. "ఈయనకి తన నీడని చూసినా భయమే" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అయితేనేం, ముప్పై ఏళ్లలో ఆయన చేయి పడిన బండి ఒక్కటి కూడా బ్రేకు పడలేదని తిరిగి రాలేదు.

ఆ పిరికితనానికి ఒక గుర్తు కూడా ఉంది. బోల్టును ఆయన టార్క్ రెంచితో బిగిస్తాడు. ఎంత బిగియాలో అంత బిగియగానే ఆ రెంచి 'టక్'మంటుంది. అప్పుడు భార్య గోళ్లరంగు సీసా మూత తీసి, బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకు సన్నగా ఒక ఎర్రగీత గీస్తాడు. తర్వాత బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. గీత ఉందంటే బిగించినట్టే. చుట్టుపక్కల షెడ్లవాళ్లకు ఆయన అసలు పేరు తెలియదు, ఎర్రగీత మేస్త్రి అంటేనే తెలుస్తుంది.

ఇలాంటి మనిషికి ఎలాంటి కోడలు వచ్చిందయ్యా అంటే, రేసులు నడిపే కోడలు వచ్చింది. కొడుకేమో బండి అరవై దాటితే కళ్లు మూసుకునే రకం. కోడలు తనకన్నా వయసులో పెద్దదైన రెండు తలుపుల కారొకటి కొని, పాత ఇంజను పీకించి, దానికి రెట్టింపు బలమున్న ఇంజను పెట్టించింది. పరుగు సంగతి సరే, మరి ఆగడం? చక్రాలకు ఆ కాలపు డ్రమ్ము బ్రేకులే ఉన్నాయి. ట్రాకు మీద నాలుగు మలుపులు తిరిగేసరికి అవి కాగిపోతాయి, ఇక కాలు నేలకంటా తొక్కినా బండి నిలవదు.

"బయటివాళ్ల చేతికి ఇవ్వను మామయ్యా. మీరే చెయ్యాలి," అంది.

ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. తన చేతిపని మీద ఇంటిపిల్ల ప్రాణం ఆధారపడటం ఇదే మొదటిసారి.

పని నెల పట్టింది. ముందరి రెండు చక్రాలకు డ్రమ్ములు తీసి పెద్ద డిస్కులు వేశాడు. డిస్కును రెండు పక్కలా పట్టి ఆపే కాలిపర్లు కూర్చోవడానికి మందపాటి ఉక్కు పట్టీలు కోయించాడు. ఒక్కో కాలిపర్‌ను పట్టి ఉంచేది రెండే బోల్టులు. బ్రేకునూనె గొట్టాల్లో చేరిన గాలి తీసేటప్పుడు కోడలు లోపల కూర్చుని పెడలు తొక్కేది.

"తొక్కు."

"తొక్కా."

"వదులు."

"వదిలా."

మధ్యాహ్నమంతా మామాకోడళ్ల మధ్య ఇదే సంభాషణ. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "ఇద్దరికీ పిచ్చి ముదిరింది" అని లోపలికి వెళ్లిపోయేది.

రేసుకు వారం ముందు ట్రాకు మీద నడిపి చూశారు. మేస్త్రి రెండుసార్లు బండి ఆపించాడు. వాసన వస్తోందని ఒకసారి, చప్పుడు మారిందని ఇంకోసారి. రెండూ ఉత్తవే. డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు కొత్తవైతే మొదట్లో కమురు వాసన కొడతాయని ఆయనకు తెలియదా? తెలుసు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. కోడలు నవ్వలేదు గానీ, ఇంటికొచ్చాక మెల్లగా అడిగింది.

"రేసు రోజున మాత్రం నన్ను ఆపకండి మామయ్యా. మీ గీత ఉందిగా. నాకింకేం భయం."

సరేనన్నాడు. రేసుకు ముందురోజు కాలిపర్లు దించి, ఇంకా గట్టి ప్యాడ్లు వేసి మళ్లీ ఎక్కించాడు. మర్నాడు పొద్దున్నే కారును లారీ మీద ట్రాకుకు చేర్చారు. తనిఖీకి వచ్చినతను చక్రాల వెనక్కి టార్చి వేసి చూసి, "ఎర్రగీతలున్నాయి. ఇంక చూసేదేముంది," అని సంతకం పెట్టేశాడు.

కోడలు హెల్మెట్ పెట్టుకుని బెల్టులు బిగించుకుంది. పక్క షెడ్డులో ఎవరో చక్రం బిగిస్తున్నారు. టక్. టక్. మేస్త్రి అలవాటు కొద్దీ తన టక్కులు తలచుకున్నాడు. కుడి చక్రం దగ్గర రెండు. ఎడమ చక్రం దగ్గర ఎన్ని?

ఒక్కటీ వినిపించలేదు.

ఆయన నిన్నటి పనంతా మొదటినుంచీ నెమరేసుకున్నాడు. నిన్న గోళ్లరంగు సీసా అడుగంటింది. కుంచె గట్టిపడిపోతోంది. కుడివైపు బిగించి గీతలు గీశాక, తడి ఉండగానే గీసేద్దామని, చేత్తో తిప్పి పెట్టిన ఎడమవైపు రెండు బోల్టుల మీదా ముందే గీశాడు. రెంచి అందుకున్నాడు. ఇంతలో కొడుకు వచ్చి, "నాన్నా, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు. తినొచ్చి చూస్తే ఎడమవైపు గీతలున్నాయి. చక్రం ఎక్కించేశాడు. మరి మధ్యలో బిగించాడా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

కోడలు ఇంజను తిప్పింది. ఇది కూడా ఉత్త అనుమానమేనా? గ్యాసు కట్టేసి మూడుసార్లు చూసే రోగమేనా? ఇంతమందిలో, ఆపనని మాటిచ్చి, మళ్లీ ఆపించి, తీరా చూస్తే బోల్టు బిగిసే ఉంటే ఆ పిల్ల ముఖం ఎలా చూడటం? పోనీ బిగిసి ఉండకపోతే, ముప్పై ఏళ్ల గీత అబద్ధమని తన నోటితో తనే ఎలా చెప్పడం? ఆయన ఇలా ముందుకూ వెనక్కీ ఊగుతుండగానే కారు కదిలి వెళ్లిపోయింది.

మొదటి రౌండు టైర్లు వేడెక్కడానికి, నింపాదిగా పోతారు. రెండోది అలా కాదు. పొడుగాటి దారిలో బాణంలా వెళ్లి, చివర మలుపు ముందు ఒక్కసారిగా బ్రేకు తొక్కాలి. ఆ మలుపు అవతల పాత టైర్లు పేర్చిన గోడ. మేస్త్రి ఆ గోడనే చూస్తూ నిలబడ్డాడు. దూరంగా కోడలి ఆకుపచ్చ కారు మొదటి రౌండు పూర్తి చేసుకుని వస్తోంది.

అప్పుడు పరిగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో, రెంచి చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేకుండా, జెండా మనిషి మీద పడ్డంత పని చేశాడు.

"ఆపండి. ఆ ఆకుపచ్చ బండిని ఆపండి."

"పోయినవారం కూడా మీరే కదండీ..."

"నేనే. బోల్టు బిగించలేదు. నాదే తప్పు. ఆపండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

బండిని వెనక్కి పిలిచే నల్లజెండా లేచింది. కారు వేగం తగ్గించుకుని షెడ్డులోకి వచ్చింది. కోడలు దిగి, హెల్మెట్ తీసింది. నలుగురూ చేరారు. మేస్త్రి ఎడమ చక్రం విప్పాడు.

పై బోల్టు మీద గీత రెండు ముక్కలై ఉంది. రెంచితో పని లేకపోయింది. వేళ్లతో తిప్పితేనే బోల్టు తిరిగింది. కింది బోల్టూ అంతే. చుట్టూ ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి అక్కడే కింద కూర్చుండిపోయాడు.

"గీత ముందు గీసేశానమ్మా. బిగించడం మర్చిపోయా. నువ్వు బయల్దేరకముందే నాకు అనుమానం వచ్చింది. మళ్లీ నవ్వుతారని ఒక రౌండు ఊరుకున్నా. నవ్వుతారని," అన్నాడు.

కోడలు ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు వచ్చిన మలుపులో ఎడమపక్క టకటకమని చప్పుడైంది మామయ్యా. విన్నాను. మీ గీత ఉంది కదా అని నేనూ ఊరుకున్నా."

ఆ మాటకు ఆయనకు, టైర్ల గోడను చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఆమె ఆయన చొక్కా జేబులోంచి సీసా తీసుకుంది. అడుగున ఇంకా కాస్త రంగు ఉంది. "మీరు బిగించండి. టక్‌మనేది నేను వింటాను. గీత నేను గీస్తాను," అంది.

ఆయన బిగించాడు. టక్‌మంది. ఆమె వంగి గీసింది. గీత వంకరగా వచ్చింది.

"రెండోది బిగించండి," అంది.