ఓడినవాళ్ళే గడులు గీయాలి

మా ఎదురింటి ఆంటీ పోయారు. ఆఫీసులో టీ తాగుతుండగా ఆవిడ తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అక్క లేదమ్మా" అన్నాడాయన. ఫోన్ పెట్టేసి, ఎందుకో తెలియదు, చల్లారిపోయిన ఆ టీని చివరిదాకా తాగాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో మా గుమ్మానికి ఎదురు గుమ్మంలో ఒక్కరే ఉండేవారు. విజయనగరం వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "తీరిక దొరకలేదు" అని చెప్పి నవ్వేసేవారు. ఆవిడకి బిరుదులూ సన్మానాలూ ఏమీ లేవు. నా పిల్లలిద్దరి చేతా ఫోన్ కింద పెట్టించగలిగిన మనిషి ఆవిడొక్కరే, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చలికాలంలో ఢిల్లీ గాలి సంగతి మీకు తెలిసిందే. బడులు మూసేస్తారు, పాఠాలు ఫోన్లోకి వచ్చేస్తాయి. పిల్లల్ని పార్కుకు పంపితే దగ్గు, ఇంట్లో ఉంచితే ఫోను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మా అబ్బాయి ఆరో తరగతి, పాప రెండో తరగతి. పిలిస్తే "ఏక్ మినిట్, మమ్మీ" అనేవాడు. ఆ ఒక్క నిమిషం భోజనాల వేళ దాకా సాగేది. కరోల్ బాగ్ వెళ్ళి పెద్ద పెట్టెలో వచ్చే ఆటొకటి కొనుక్కొచ్చాం. మా ఆయన దాని నిబంధనల పుస్తకాన్ని ఆఫీసు సర్క్యులర్ చదివినంత శ్రద్ధగా చదివారు. ఆయన చదవడం పూర్తయ్యేసరికి పిల్లలిద్దరూ మళ్ళీ ఫోన్లో ఉన్నారు.

ఒక సాయంత్రం నేను పిల్లల మీద గొంతు చించుకుంటుంటే ఆంటీ ఆఫీసు నుంచి వచ్చారు. తాళం తీయబోయి ఆగి, నా వైపు చూశారు. లోపలికెళ్ళి సుద్దముక్క, చిన్న డబ్బా తెచ్చుకుని, కట్టుకున్న ఆఫీసు చీరతోనే మెట్ల పైన మా రెండు గుమ్మాల మధ్య గచ్చు మీద చతికిలబడ్డారు. గడులు గీసి, డబ్బాలోంచి గవ్వలు గలగలా ఒంపారు. ఎవరినీ పిలవలేదు. తనే రెండు చేతులతో ఇద్దరి ఆటా ఆడుతూ, తనే "అష్టా!" అని అరుస్తూ, తన కాయని తనే చంపుకుని తిట్టుకుంటున్నారు. ముందు పాప తొంగిచూసింది. దాని వెనకాల వాడొచ్చాడు.

అలా మొదలైంది మా మెట్ల దగ్గర అష్టాచెమ్మా. కాయలుగా ఆవిడకి చింతపిక్కలు, మా పాపకి విరిగిన గాజుముక్కలు, వాడికి చొక్కా గుండీలు. కింది ఇంటి పంజాబీ పిల్లకి వాళ్ళమ్మ రాజ్మా గింజలు ఇచ్చి పంపేది. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే నా పిల్లలు అక్కడ మాత్రం "చెమ్మా", "చచ్చింది", "పండింది" అని తెలుగులో అరిచేవాళ్ళు. ఆ పంజాబీ పిల్లయితే మరీ గట్టిగా అరిచేది.

ఆంటీ దయలేని ఆటగత్తె. పాప కాయ ఇంకొక్క గడిలో పండబోతుంటే చంపేసి పకపకా నవ్వేవారు. "చిన్నపిల్ల కదా ఆంటీ" అన్నాను ఒకసారి. "జాలిపడి ఓడిపోతే ఆళ్ళకి తెలిసిపోద్దమ్మా. రేపట్నుంచి ఆట మీద గౌరవం ఉండదు" అన్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తుంటే అస్సలు ఒప్పుకునేవారు కాదు. "నిలబడితే అది కాపలా, కూకుంటే ఆట. బేగి కూకో." పొయ్యి మీద పప్పు ఉందంటే "మాడనీ" అనేవారు. రెండుసార్లు నిజంగానే మాడింది.

ఆవిడ పెట్టిన నియమం ఒకటి నేను మరెక్కడా చూడలేదు. ఆ రోజు ఆట ఓడినవాళ్ళే మర్నాడు గడులు గీయాలి. ఊడ్చే దీదీ కోప్పడుతుందని ఆట అవగానే తడిగుడ్డతో తుడిచేసేవారు కాబట్టి ఏ రోజు గడులు ఆ రోజువే. మావాడు మొదటిసారి ఓడినప్పుడు గవ్వలు మెట్ల మీదికి విసిరేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి గవ్వలన్నీ ఏరుకున్నారు. మర్నాడు సాయంత్రం మా తలుపు తట్టి సుద్దముక్క చేతికిచ్చారు.

"ఒరే గుంటడా, ఇయ్యాళ పని నీది."

వాడు మొహం మాడ్చుకునే గీశాడు. అడ్డదిడ్డంగా వచ్చింది, ఒక గడిలో గుండీ పడితే ఇంకోదానిలో పళ్ళెం పట్టేంత. నేను సరిచేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ వంకర గడుల మీదే ఆట సాగింది. ఆ తర్వాత ఎప్పుడు గీయాల్సొచ్చినా వాడు బడి సంచీలోంచి స్కేలు తెచ్చుకునేవాడు.

ఈ నియమం ఎందుకని అడిగాను. "ఓడినోడికి రేపు ఒక పని ఉండాలమ్మా. పనుంటే వస్తాడు" అన్నారు.

ఈసారి చలికాలం ఆవిడ దగ్గుతూనే ఆడారు. పొగ రాకుండా మెట్ల కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కాం. నోట్లో ఉబ్బసం మందు పంపు కొట్టుకుని, ఊపిరి అందాక గవ్వలు వేసేవారు. లోపల పడుకోమంటే వినలేదు. చివరి ఆటలో పాప చేతిలో చిత్తుగా ఓడిపోయారు. అది ఎగిరి గంతులేసింది. "సరే, రేపటి గడులు నావి" అని సుద్దముక్కని కిటికీ గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని లేచారు.

తెల్లారేసరికి ఆవిడకి ఊపిరాడడం లేదు. కింది ఇంటి భయ్యా, మా ఆయన కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. ఆసుపత్రిలో నేను చేసిందేమైనా ఉంటే, ఆవిడ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చోవడమే. లోపలికి పోనివ్వలేదు. పోనిచ్చినా ఏం చేసేదాన్ని? ఊరంతా పీల్చే గాలిని ఆవిడొక్కరి కోసం ఎక్కడ మార్చి తేను? తమ్ముడు రైలెక్కి వచ్చేదాకా ఉన్నారు, ఆ తర్వాత ఎక్కువ రోజులు లేరు.

పిల్లలకి ఆ మాట తెలుగులో చెప్పలేకపోయాను. హిందీలో చెప్పాను, పరాయి మాటలో అయితే ఎవరి సంగతో అయినట్టు ఉంటుందని. లాభం లేకపోయింది. పాప ఏడ్చింది. వాడు ఏడవలేదు, ఫోన్ తీసుకుని మంచమెక్కాడు. లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.

తమ్ముడు సామాను సర్దుకుని, గవ్వల డబ్బా మాకిచ్చి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఒకరోజు సాయంత్రం నేనే తెగించి, కిటికీ గట్టు మీది సుద్దముక్క తీసుకుని గచ్చు మీద కూర్చున్నాను. మొదటి గీత గీయకముందే వాడొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"మమ్మీ, ఆప్ నహీ. ఆంటీ హారీ థీ." నేను కాదట, ఓడింది ఆంటీ అట.

"ఆంటీ ఇక రారు నాన్నా."

"పతా హై," అన్నాడు. తెలుసట. అయినా చెయ్యి వదల్లేదు. పాప కూడా వచ్చి వాడి పక్కనే నిలబడింది. "ఉన్ కీ బారీ హై" అంది. ఆవిడ వంతు. ఎంత బతిమాలినా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న నియమం అది, నేనేమని కాదనను? పిల్లల్ని మళ్ళీ ఆ గచ్చు మీదికి తెచ్చే దారి నాకు ఆ ఒక్కటే తెలుసు. అదీ మూసుకుపోయింది.

సుద్దముక్కని తీసినచోటే పెట్టేశాను. ఇంకా అక్కడే ఉంది. గచ్చు ఖాళీగా ఉంది, ఒక్క గీతా లేదు. అయినా బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నా పిల్లలిద్దరూ ఆ గడుల చోటుని తొక్కరు. భుజాలకి సంచులతో, గోడకి ఆనుకుని, ఒకరి వెనక ఒకరు పక్కనుంచి నడిచి వస్తారు.