అత్తకు పెట్టని బజ్జీ

ఎమర్జెన్సీ ఏడాది నేను కడుపుతో ఉన్నాను. ఆళ్ళగడ్డలో మా అత్త ప్రతి ఆదివారం బొరుగులతో ఉగ్గాని కలిపి, పక్కకు మిరపకాయ బజ్జీలు వేసేది. ఇంటిల్లిపాదికీ బజ్జీలు పెట్టి, నా కంచంలో మాత్రం వట్టి ఉగ్గాని వేసేది.

"నూనెవి తింటే బిడ్డకు కరపాణి లేస్తాది. నోరు కట్టుకో" అనేది.

ఆ వాసనకు నోరూరి ఏడుపొచ్చేది. తొమ్మిది నెలలూ ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు మహాతల్లి. ఇంతా చేస్తే, పుట్టిన మూడో నెలలోనే నా కొడుక్కి ఒళ్ళంతా దురద పొక్కులతో కరపాణి లేచింది!

పదేళ్ళకు ఆమెకు షుగరు వచ్చింది. అప్పటికి పొయ్యి నా చేతికొచ్చింది. నంద్యాలలో డాక్టరుకు చూపించాను. ఆమె రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్ళినప్పుడు ఆయన నాతో, "నూనెవి తగ్గించమ్మా. అయినా ముసలి ప్రాణం, వారానికో బజ్జీ తింటే ఏం కాదులే" అన్నాడు. ఇంటికొచ్చి మొదటి మాటే చెప్పాను. రెండోది కడుపులో దాచుకున్నాను.

అంతకుముందు నెలకోసారి బజ్జీలు వేసేదాన్ని. ఆమెకు షుగరు వచ్చాక వారం తప్పలేదు. అందరికీ వేడివేడిగా వడ్డించి, ఆమె ముందు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టేదాన్ని.

"పైన పిండి తీసేసి, లోపలి మిరపకాయన్నా ఇయ్యి మే" అని అడిగేది.

"అదీ నూనెలో కాగిందే గదత్తా. నోరు కట్టుకో" అనేదాన్ని. నాకెంత సంతోషంగా ఉండేదో, దాచడం దేనికి!

ఆరు నెలలకు మళ్ళీ నంద్యాల పోయాం. ఈసారి డాక్టరు ఆమెనే అడిగాడు. "ఏం అవ్వా, వారానికో బజ్జీ తింటాండావా? పోయినసారి నీ కోడలికి చెప్పినా గదా."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది.

"తింటాండానప్పా. బాగా పెడతాంది నా కోడలు" అంది.

తిరుగు బస్సు శిరివెళ్లలో ఆగితే, కిటికీ దగ్గరికి బజ్జీలమ్మే మనిషి వచ్చాడు. గబగబా రెండు కొని ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాసన చూసి గుటక మింగింది. పొట్లం తిరిగి నా ఒళ్ళో పెట్టేసింది.

"నువ్వే తిను మే. కడుపుతో ఉన్నెప్పుడు నేను పెట్టలేదు గదా. ఆ ఆకలి ఇంగా తీరినట్టు లేదు నీకు."

మరుసటి ఆదివారం ఆమె కంచంలో ముందుగా రెండు బజ్జీలు వేశాను. తీసి నా కంచంలో వేసి, నేను తినేదాకా చూస్తూ కూర్చుంది. చనిపోయేదాకా ప్రతి ఆదివారం అదే చేసింది.