జొన్న పాతర మీద కారు

మా మామకు కారంటే గిట్టదని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను. మా ఆయన మద్రాసులో ఎవరో వాడిన పాత కారు కొని తెచ్చిన రోజున మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి గడ్డి ఎయ్యే పన్లా. మనల్నే మేస్తాది" అని పొలానికి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ఆ కారే ప్రాణం. మాది ఓర్వకల్లు దగ్గర పల్లె, నా పుట్టిల్లు రాయచోటి. మా అమ్మ కాళ్లు పడిపోయి మంచానికే అంటుకుపోయింది. బస్సులు మారుకుంటూ ఒక్కదాన్నీ పోతానంటే అత్తింట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. కారు వచ్చాక కోడికూతకు బయలుదేరితే పొద్దుగూకేలోపల అమ్మ తల నా ఒళ్లో ఉండేది. ఇక ఆ కారు పోతే అమ్మ మొహం చూసే దారి కూడా పోయినట్టే.

అలాంటి కారు నెల తిరిగేసరికి పొగ కక్కడం మొదలుపెట్టేది. తెల్లటి, చిక్కటి పొగ. అందులో నాకు బాగా తెలిసిన వాసనేదో ఉండేది గాని, ఏమిటో పట్టుబడేది కాదు. కర్నూలు షెడ్డుకు తీసుకుపోతే ఆయిలు మార్చి పంపేవాళ్లు. కొన్నాళ్లు బుద్ధిగా నడిచి మళ్లీ అదే పాట. అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. షెడ్డు నిండా సర్కారు జీపులే. పొద్దున పెట్టిన మా కారును పొద్దు వాలేదాకా ముట్టుకునే దిక్కుండదు. నేను బయట వేపచెట్టు కింద కూర్చుని అంతా చూస్తుండేదాన్ని. ఇంజను కాసేపు ఆడించి వేడి చేస్తారు. గుంతలోకి దిగి కింద ఉన్న మర విప్పుతారు. పాత ఆయిలు కారిపోయాక మర బిగించి, పైనుంచి కొత్తది పోస్తారు. అంతే! ఈ భాగ్యానికి రోజంతా పడిగాపులా? నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఎండాకాలం మళ్లీ పొగ వచ్చింది. మామ కండువా దులిపి భుజాన వేసుకుని తేల్చేశాడు. "ఇంగ షెడ్డుకు పోయేదే లేదు. దీన్ని అమ్మేసి జత ఎద్దులు తెస్తా."

"షెడ్డుకు వద్దులే మామా. ఆయిలు నేనే మారుస్తా" అన్నాను.

నీళ్లు తాగుతున్న మా ఆయనకు పొలమారింది. మామ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, ఇంటి ఆడదానివి కారు కింద పండుకుంటావా?"

"పండుకునేది లేదు. నిలబడే చేస్తా. పాతర ఖాళీగానే ఉండాది గదా!"

మా ఇంటి ముందు నేలలో తవ్విన జొన్న పాతర ఉండేది. లోపల గది అంత గుంత, పైన మనిషి దూరేంత నోరు. ఏడాది తిండికి జొన్నలు అందులో పోసి, బండ మూసి, మన్ను కప్పేవాళ్లు. ఆ ఏడు పంట తక్కువై ముందే అయిపోయింది. షెడ్డులో ఉన్నట్టే మాకూ ఒక గుంత ఉంది కదా అన్నది నా ఆలోచన.

మామ మొహం జేవురించింది. "అన్నం దాసుకునే సోటమ్మా అది! ఆ మురికి నూనె ఒక్క సుక్క పడిందంటే జొన్నలన్నీ కంపు కొడతాయి."

"ఒక్క సుక్క పడినా కారు అమ్మేయి మామా. నోరెత్తితే అడుగు."

"పడకపోతే?"

"నన్ను మా అమ్మకాడికి పంపియ్యాల."

సరేనన్నాడు. ఎద్దుల బేరం అప్పుడే కుదిరిపోయినట్టు మీసం దువ్వుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున పాతరలోకి ముందు దీపం దించాం. లోపల చెడ్డగాలి ఉంటే దీపం ఆరిపోతుంది. ఆరలేదు. కొంగు బిగించి దిగాను. ముక్కాలి పీట మీద నిలబడితే నా తల పాతర నోటికి వచ్చింది. మా ఆయన ఇంజను వేడి చేసి, కారును మెల్లగా నా నెత్తి మీదికి తెచ్చి ఆపాడు. చంకన బిందె పెట్టుకునే అలవాటే కాబట్టి పెద్ద బేసినును ఎడమ చంకన ఇరికించుకుని, కుడిచేత్తో పానా పట్టాను.

మర ఒక పట్టాన కదల్లేదు. షెడ్డువాళ్లనూ, ఎండనూ, ఇంకా కొనని ఆ ఎద్దులనూ కలిపి తిట్టుకుంటూ తిప్పాను. వచ్చింది! వేడి నూనె వేళ్ల మీద పడి చుర్రుమంది. బేసిను వదిలితే కదా!

కారుతోంది, కారుతోంది, ఎంతకీ ఆగదే! షెడ్డులో జీపుల కింద పెట్టిన ఇలాంటి బేసిను సగానికే నిండేది. ఇక్కడ అంచు దాకా వచ్చేసింది. అప్పుడు ముక్కుకు కొట్టింది ఆ వాసన. ఆముదం! పిల్లల మాడుకు రుద్దే ఆముదం.

మరను మళ్లీ బెజ్జానికి అదిమిపట్టి, "ఇంగో గిన్నె! బిన్నా తెండి!" అని గొంతు చించుకున్నాను. మా ఆయన స్టీరింగు పట్టుకుని బిత్తరపోయి కూర్చున్నాడట. కారు కిందికి దూరింది మామ చెయ్యి. తెల్లపంచెతో దుమ్ములో బోర్లా పడుకుని, తాను మజ్జిగ తాగే ఇత్తడి చెంబును బెజ్జం కింద తానే పట్టాడు. నేను మర తీశాను. మిగిలిన నూనె చెంబులోకి దిగుతోంది.

"మామా, దీంట్లో ఆముదం యాడిది?"

మామ మెల్లగా, "అమాసకు అమాసకు బండ్ల ఇరుసులకు ఏస్తాంటిమి గదమ్మా. ఇదీ ఇంట్లో బండే గదా అని, పైన మూత తీసి దీనిక్కూడా రవంత పోస్తాంటి" అన్నాడు.

"ఎన్నాళ్లాయె?"

"ఇంటికొచ్చిన కాణ్ణుంచి."

నవ్వితే బేసిను ఒలుకుతుందని పెదవి కొరుక్కున్నాను. ఇరుసుకైతే పాతది తీసే పని లేదు, మీద వేసుకుంటూ పోవడమే. ఇంజనుకూ అదే మర్యాద చేశాడు మహానుభావుడు! షెడ్డువాళ్లు నెలనెలా ఆయిలు మార్చారు గాని, ఈ పొగ ఎందుకొస్తోందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మర బిగించాక కారును పక్కకు నెట్టారు. బేసిను ఒలక్కుండా పైకి అందించి, నేనూ ఎక్కి వచ్చి, మా ఆయన తెచ్చిపెట్టిన డబ్బాలోని కొత్త ఆయిలు నా చేత్తోనే పోశాను. కారు కాసేపు గొణిగింది. పొగ పలచబడి, మెల్లగా ఆగిపోయింది. అయినా పందెం ఇంకా తేలలేదు. మామ దీపం తీసుకుని పాతరలోకి దిగాడు. తన తెల్ల కండువాతో అడుగూ గోడలూ తుడుస్తుంటే నేను పైనుంచి వంగి చూస్తున్నాను. పైకి వచ్చి కండువా ఎండలో పరిచాడు. మన్ను, జొన్నపొట్టు. నల్లమచ్చ ఒక్కటంటే ఒక్కటి లేదు!

"ఏం మామా!" అన్నాను, ఊరంతా వినేట్టు.

"అరవబాకు. రేప్పొద్దున్నే బయలుదేరండి. మీయమ్మను అడిగినానని సెప్పు" అని కండువా దులుపుకున్నాడు.

తర్వాత వచ్చిన అమావాస్యకు బండ్ల పని ముగించి, ఆముదం ముంత పట్టుకుని కారు దగ్గర నిలబడ్డాడు. నేను వంటింటి గడపలోంచి కళ్లురిమి చూస్తున్నాను. ముంతను జాగ్రత్తగా వెనక్కి దాచుకుని, "ఏమ్మా, నీ బండికి ఏం గావాల్నో నువ్వే సూసుకో" అన్నాడు.