నామం పెట్టిన డబ్బా

బైరాగిపట్టెడలో మా వరస ఇళ్ల ఆడవాళ్లందరూ పెరుందేవిని మహాభక్తురాలు అనేవాళ్లు. శనివారం ఒక్కపొద్దు తిరుపతిలో ఎవరైనా ఉంటారు. ఒక్కపూట తిని, రెండోపూట గోవిందా అనుకుని పడుకుంటారు, అందులో గొప్పేమీ లేదు. పెరుందేవి శనివారం ఉండేది, ఏకాదశి ఉండేది, గురువారం ఉండేది, శుక్రవారం అమ్మవారికని ఉండేది. శ్రవణా నక్షత్రం వస్తే అదీ వదిలేది కాదు. పైగా ఆమె ఉపవాసం ఒక్కపూట కాదు, రెండు పూటలా. ఆ ఉపవాసాలు దేవుడి కోసం కావు, బియ్యం కోసం. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఎనభయ్యో సంవత్సరంలో ఆ మాట పైకి అని ఉంటే నన్ను వీధిలోంచి వెళ్లగొట్టేవాళ్లు.

నా పేరు సంతోషమ్మ. మాది సత్యవేడు దగ్గర పల్లె. మిషన్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చి, తిరుపతిలో చంద్రకాంతమ్మగారి వరస ఇళ్లలో ఒక భాగం అద్దెకు తీసుకున్నాను. మా గోడకు ఆనుకునే పెరుందేవి కాపురం. చిన్నప్పుడు మా అమ్మ మాకు పెట్టేసి, తనకు కడుపులో బాగాలేదని పడుకునేది. ఏడాదిలో సగం రోజులు మా అమ్మకు కడుపు బాగుండేది కాదు. తినని మొహం ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పొదుపులో పెరుందేవి తర్వాతే ఎవరైనా. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేది. కిరసనాయిలు కొనకుండా కోత మిషన్ దగ్గర రంపపు పొట్టు తెచ్చి, పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేసి ముట్టించేది. వంట అయిపోయాక ఆ వేడి మీదే స్నానాలకు నీళ్లు కాగేవి. చింతపండు రెండుసార్లు పిసికి, ఆ పిప్పితో ఇత్తడి చెంబులు తోమేది. మొదటి డికాషన్ మొగుడికి, రెండోది కూతురికి, మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగిన రంగునీళ్లు తనకు. మార్కెట్టుకు చీకటి పడేవేళ పోయేది. మూటలు కట్టుకునేవాళ్లు మిగిలిన కూరలు అయినకాడికి ఇచ్చేస్తారు గదా, అందుకు. బియ్యం కడిగిన నీళ్లు చంద్రకాంతమ్మ ఆవుకు పోసి, బదులుగా గ్లాసు మజ్జిగ తెచ్చుకునేది. ఇవన్నీ చూసి నేనూ కొన్ని నేర్చుకున్నాను, అబద్ధమెందుకు. పొట్టు పొయ్యి కూరడం నాకు ఆమే నేర్పింది.

ఆమె మొగుడు సుదర్శనం బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో గుమాస్తా. నిలువు నామం, గంజి పెట్టిన పంచె, గొంతు నిండా పెద్దరికం. తమ తాతలు స్వామి సన్నిధిలో ఆళ్వార్ల ప్రబంధం చదివినవాళ్లని పరిచయమైన ప్రతివాడికీ చెప్పేవాడు. యాత్రికులు పలచబడిన నెలల్లో యజమాని సగం జీతమే చేతిలో పెట్టేవాడు. సుదర్శనం దాన్ని తెచ్చి పెళ్లానికి ఇచ్చేసి, తన పని అయిపోయిందనుకునేవాడు. చెడ్డవాడు కాదు, తాగుడు లేదు, చేయి చేసుకోవడం లేదు. కంచంలో పడింది తిని, అది ఎట్లా వచ్చిందని అడగకుండా లేచిపోయే రకం. అట్లాంటి మగవాళ్లకు మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు, కల్యాణవల్లి. పదో తరగతి పాసై టైపు నేర్చుకుంటోంది. టైపు హయ్యరు పరీక్ష పాసైతే దేవస్థానం ఆఫీసులోనో యూనివర్సిటీలోనో పిల్లకు కుర్చీ దొరుకుతుందని పెరుందేవి ఆశ. ఆ ఆశకు నెలనెలా ఫీజు కట్టాలి. పొయ్యిలో కోసింది, కాఫీలో కోసింది, సబ్బులో కోసింది. ఎక్కడ కోసినా ఫీజుకు చాలేది కాదు. చివరికి కొయ్యడానికి మిగిలింది తన కంచం ఒక్కటే.

దానికి ఒక డబ్బా పెట్టుకుంది. పాత వనస్పతి డబ్బా తోమి, మీద తెల్లగా ఎర్రగా నామం దిద్ది దేవుడి అరలో ఉంచింది. ఉపవాసమున్న రోజు తన వంతు బియ్యం అందులో పోసేది. పెరటాసి మాసం శనివారాల్లో స్వామికి అన్నం నైవేద్యం పెట్టే తళిగ వేసుకోవడానికి దేవుడి బియ్యం కూడబెడుతోందని వీధంతా అనుకున్నారు. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు. నెలాఖరులో మొగుడూ కూతురూ లేని వేళ చూసి ఆ బియ్యాన్ని ఆమె ఎసట్లో పోయడం, పెరట్లో బట్టలారేస్తున్న నేను కిటికీలోంచి చూశాను.

ఆ సాయంత్రమే వెళ్లి అడిగాను.

"పెరుందేవమ్మా, నిజం చెప్పు. ఇవి మొక్కులా, పస్తులా?"

ఆమె కంగారుగా వీధి తలుపు మూసింది. "మెల్లిగా మాట్లాడు టీచరమ్మా. బియ్యం చాలక తినలేదని తెలిస్తే మా వల్లి కూడా ముద్ద ముట్టదు. దేవుడి పేరు చెప్తే ఎవురూ బలవంతం చెయ్యరు."

"రాగులు సగం ధరకు వస్తాయి గదా. సంగటి కెలుక్కుని ముగ్గురూ కడుపునిండా తింటే ఏం పోతుంది?"

"ఆయన ముట్టరు. మన ఇండ్లల్లో సంగటేంది అంటారు. ఇంకెంత, వల్లి హయ్యరు పాసయ్యేదాకా గదా. ఆ తర్వాత రెండు పూటలా తింటా, నువ్వే సూస్తావు." నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పోనీ నేనైనా ఏదన్నా పెడదామంటే, మా ఇంటి వంట ఆమె తినకూడదు. అరటిపండ్లు ఇస్తే తీసుకునేది. అవి కూతురి సంచిలోకి పోయేవి. పాలు ఇస్తే మొగుడి కాఫీలోకి పోయేవి. ఆమె నోట్లోకి ఏమన్నా పోయేలా చెయ్యడం నా వల్ల కాలేదు.

ఇంతలో ఆమె పేరు వీధి దాటింది. బక్కచిక్కిన కొద్దీ మొహంలో తేజస్సు వచ్చిందన్నారు. కళ్లు లోపలికి పోతే ధ్యానమన్నారు. మాట సన్నబడితే శాంతమన్నారు. పిల్లలకు జ్వరం వస్తే తెచ్చి ఆమె చేత తులసి నీళ్లు పోయించేవాళ్లు. కాళ్లకు దణ్ణం పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ కాళ్ల వాపు చూసి ఉంటే ఈ కథ ఇట్లా ఉండేది కాదు.

పెరటాసి వచ్చింది. మూడో శనివారం చంద్రకాంతమ్మ తన ఇంట్లో తళిగ వేసింది. నట్టింట్లో అరిటాకులు పరిచి, అన్నం రాశిగా పోసి, పులిహోర, పొంగలి, వడలు చుట్టూ పేర్చి, పిండిదీపాలు వెలిగించింది. హారతి పెరుందేవి చేతనే ఇప్పించాలని పట్టుబట్టింది. చంద్రకాంతమ్మ మంచి మనిషే. ఇంటి యజమానురాలై కూడా అద్దెకున్న ఆమెను పీట వేసి కూర్చోబెట్టి గౌరవించింది. మేమందరం వాకిట్లో నిలబడ్డాం. శుక్రవారం ఏమీ తినలేదు పెరుందేవి, శనివారం పొద్దుటినుంచీ అంతే. ఆవిర్లు కక్కుతున్న అంత అన్నం ముందు హారతి పళ్లెం ఎత్తింది. చేతులు వణికాయి. ఒళ్లంతా వణికింది. పళ్లెం జారిపోయి, ఆమె పక్కకు ఒరిగి కింద పడింది.

"గోవిందా! స్వామి వచ్చినాడు!" అని చంద్రకాంతమ్మ కేక పెట్టింది.

అంతే. ఇల్లంతా గోవింద నామం మారుమోగింది. ఒకరు ఆమె మొహం దగ్గర కర్పూరం తిప్పారు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు. పాదాల దగ్గర సాష్టాంగపడి ఒక ముసలాయన "మా ముకుందానికి ఉద్యోగం ఎప్పుడొస్తాదో చెప్పు సామీ" అని ఏడ్చాడు. కల్యాణవల్లి "అమ్మా" అంటూ పరిగెత్తబోతే ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని ఆపారు.

"ఉండమ్మే, ఇప్పుడు అది మీ అమ్మ కాదు" అంది అందులో ఒకామె.

"పూనకం కాదు, ఏం కాదు! తినక పడిపోయింది, నీళ్లియ్యండి!" అని నేను అరిచాను.

"టీచరమ్మా, నువ్వు లోపలికి రావాకు. తళిగ ఎదురుగా ఉండాది" అంది చంద్రకాంతమ్మ, చేతులు జోడించే.

నేను పోయాను. ఆకులు తొక్కుకుంటూ పోయి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, అక్కడున్న చెంబులో నీళ్లు మొహాన చల్లి, గొంతులో పోశాను. తళిగ మైలపడిందని ఆ తర్వాత నెలల తరబడి నాతో మాట్లాడనివాళ్లున్నారు. మాట్లాడకపోతే పోయారు.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఒంట్లో రక్తం లేదు, గుండె నీరసపడిపోయింది అన్నారు. లాడ్జీ నుంచి పరిగెత్తుకొచ్చిన సుదర్శనాన్ని డాక్టరు అడిగాడు, ఈమె తిని ఎన్నాళ్లయిందని.

"ఉపవాసాలు సార్. మా ఆమెకు నిష్ఠ ఎక్కువ" అన్నాడు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. "నిష్ఠా లేదు, పాడూ లేదు. నువ్వు తెచ్చింది సగం జీతం. ఇంటికి కావలసింది పూర్తి తిండి, పూర్తి ఫీజు. తక్కువ పడింది ఆమె కడుపులోంచి తీసింది. ఆ నామం డబ్బాలో బియ్యం దేవుడికి పోలేదు. నెలాఖరులో నువ్వు తిన్నావు" అన్నాను. కల్యాణవల్లి పక్కనే ఉందని చూసుకోలేదు. చూసుకున్నా అనేదాన్నే. సుదర్శనం గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో పెరుందేవికి పాలూ రొట్టే ఇచ్చారు. పాలు రెండు గుక్కలు తాగింది. రొట్టెను మాత్రం మధ్యకు తుంచి, సగం చీర కొంగులో ముడివేసింది.

"వల్లికి" అంది నాతో.

ఆ ముడి విప్పి తినిపించబోయాను. నోరు బిగించుకుంది. అలవాటైన చెయ్యి, అలవాటైన నోరు. తర్వాత జ్వరం తగిలింది. పెరటాసి నెల వెళ్లకముందే పోయింది. కూతురి పరీక్ష ఇంకా జరగనే లేదు.

కర్మలు అయిపోయిన తర్వాతి శనివారం సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. చంద్రకాంతమ్మ పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, కల్యాణవల్లి తల నిమిరింది.

"మీ అమ్మ మొక్కు మధ్యలో నిలిచిపోయింది పాపా. పోయినోళ్ల మొక్కు ఇంట్లోవాళ్లు తీర్చకపోతే ఇంటికి మంచిది కాదు. ఈ శనివారం నుంచి నువ్వు పట్టు. ఆ డబ్బాలో బియ్యం ఇట్లా తే, నేను వచ్చే తళిగలో కలిపిస్తా."

కల్యాణవల్లి లేచి దేవుడి అరలోంచి డబ్బా తెచ్చి, మూత తీసి చూపించింది. అడుగున తవుడూ రెండు పురుగులూ తప్ప ఏమీ లేవు.

"దీంట్లో బియ్యం యాడికీ పోలేదు పెద్దమ్మా. నేనూ మా నాయనా తినేసినాం."

చంద్రకాంతమ్మ చెంపలు వేసుకుంది. "దేవుడి బియ్యం తినేసినారా? అయ్యో పాపమా! ఇంక ఈ మొక్కు పట్టక తప్పదు తల్లీ. ఒక్కదానివే కాదు, మీ నాయన కూడా పట్టాల."

మూలన కూర్చున్న సుదర్శనం లేచాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత ఆయన గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. నామం లేని నుదురు, మాసిన పంచె. తాతల ప్రబంధం ఊసు లేదు.

"అవి దేవుడి బియ్యం కాదమ్మా. మా పెరుందేవి బియ్యం. మా ఇంట్లో మొక్కులేం లేవు. బియ్యం లేక ఆమె పస్తులుండె, నేను అడగలేదు. వీధిలో అడిగినోళ్లకు అట్లే చెప్పు" అన్నాడు.

చంద్రకాంతమ్మ నమ్మలేదు. దుఃఖంలో మతి చలించిందనుకుని, పళ్లెం అక్కడే పెట్టి, ఆ ఖాళీ డబ్బాను కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

కల్యాణవల్లి పొయ్యిలో సీసా నిలబెట్టి, వాళ్లమ్మ లాగే పొట్టు కూరి ముట్టించింది. అన్నం వండి, చారు కాచింది. వీధి తలుపు బార్లా తెరిచే రెండు ఆకులు వేసింది. శనివారం ఆ ఇంట్లో రెండోపూట కూడా పొయ్యి వెలగడం చూసి ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సుదర్శనం అన్నం కలిపాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది, నోటిదాకా పోలేదు. కళ్లనీళ్లు ఆకులో పడుతున్నాయి. కల్యాణవల్లి తన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, తండ్రి వైపు చూసింది.

"తిను నాయనా" అంది. "తినకపోతే దీన్ని కూడా మొక్కే అంటారు."