మెట్లు లేని దుకాణంలో చెప్పిన ధర

ఇరవై ఏడు వేలు పలికే సామానును పన్నెండు వేలకు, అదీ పదకొండు నిమిషాల్లో వదిలించుకోవడం అందరికీ చేతకాదు. నాకు చేతనైంది. మూడు తరాలుగా కోరుట్లలో గల్లాపెట్టె వెనక కూర్చున్న ఇంట్లో పుట్టి, మాటలు రాకముందే బేరాలు విన్నవాడికి తప్ప ఇంత నేర్పుగా నష్టపోవడం సాధ్యం కాదు.

ఆ సామాను సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మది. చిన్నాయన మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు భుజాన మోసుకొచ్చిన పెద్ద టేప్‌రికార్డరు. రెండు పక్కలా స్పీకర్లు, మధ్యలో రెండు క్యాసెట్లు పట్టే గూళ్లు, పైన పిడి. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. టేప్‌రికార్డరు మాత్రం పూల కుట్టు గుడ్డ కప్పుకుని అల్మారా మీద ఉండిపోయింది.

చిన్నమ్మ బీడీలు చేసేది. దగ్గు తగ్గాలంటే తంబాకు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. బడి పిల్లల యూనిఫారాలు ఇంటికి తెచ్చుకుని కుట్టే పని దొరుకుతుంది, కానీ దానికి మోటారు మిషను కావాలి. కొత్తది ఇరవై ఒక్క వేలు. ఆమె దగ్గర ఆరు వేలు ఉన్నాయి.

"కొడుకా, నువ్వు ఫోన్ల ఏందేందో అమ్ముతవట గదా. గిది అమ్మిపెట్టు. బడులు తెరిచేటాలకు మిషన్ రావాలె. లేకుంటే మళ్ల గా బీడీల చాటే నాకు" అన్నది.

అప్పటికి నేను ఒక వేలం సైటులో రెండు పాత గోడ గడియారాలు అమ్మి, ఆ విషయం చుట్టాలందరికీ చెప్పి ఉన్నాను. టేప్‌రికార్డరును బస్సులో జగిత్యాలకు తెచ్చాను. నాకు అక్కడ చిన్న స్టేషనరీ దుకాణం ఉంది. ఊరి నడుమ గడియారం టవర్ దగ్గర రేడియోలు బాగుచేసే ముసలాయన దాన్ని నాలుగు దిక్కులా తిప్పి చూశాడు.

"సేటూ, గిది గిప్పుడెవ్వలు కొంటరు? ఆరువేలు ఎవడన్న ఇస్తే దండం బెట్టి ఇచ్చెయ్" అన్నాడు.

సైటులో ధరకు రెండు గళ్లు ఉంటాయి. ఒకటి వేలంపాట ఎక్కడ మొదలు కావాలో చెప్పేది. అందులో నూట పదహారు పెట్టాను, శుభమని. రెండోది ఖాయం ధర. పాటతో పనిలేకుండా ఎవరైనా అంత కట్టేస్తే వేలం అక్కడితో ముగుస్తుంది, సామాను వాళ్లది. ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చు. వదిలేస్తే పాట ఏడు రోజులు నడిచేది.

కానీ ధర చెప్పకుండా దుకాణం తెరవడం మా ఇంటా వంటా లేదు. మా బాపు బట్టల దుకాణానికి నాలుగు మెట్లు. రావాల్సిన దానికి రెట్టింపు చెప్పేవాడు. గిరాకి సగమడిగేవాడు, బాపు తల అడ్డంగా ఊపేవాడు, గిరాకి లేచి మెట్లు దిగేవాడు. మొదటి మెట్టు మీద పిలిస్తే లోకువ. నాలుగోది దాటితే పక్క దుకాణంలో తేలతాడు. బాపు మూడో మెట్టు మీద పిలిచేవాడు. నాకు తెలిసిన వ్యాపారమంతా ఆ మూడో మెట్టే. ఆరు వేల సామానుకు పన్నెండు వేలని ఖాయం ధర గడిలో నింపాను. కొనేవాడు సందేశం పెట్టి ఏడు దగ్గర మొదలుపెడతాడు, బేరం ఎనిమిదిన్నరకు తెగుతుంది. మిగతాది చిన్నమ్మకు ఎట్లాగో సర్దవచ్చు. గిరాకి తొందరగా దొరకాలని రవాణా ఖర్చు నాదే అని కూడా రాశాను. బేరగాడికి చెప్పాల్సిన జవాబులు మూడు ముందే రాసి పెట్టుకున్నాను.

పదకొండో నిమిషంలో ఫోను మోగింది. ఎవరో పన్నెండు వేలూ కట్టేశాడు. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క రూపాయి తగ్గించమనలేదు.

సంతోషించాల్సింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాడంటే, చెప్పినవాడు తెలివితక్కువవాడని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అనుమానం వచ్చి, అదే సైటులో అప్పటికే అమ్ముడుపోయిన సామాన్ల జాబితా తెరిచాను. దాన్ని అందరూ అమ్మకానికి పెట్టే ముందు చూస్తారట. అదే కంపెనీ, అదే మోడలు, పైగా దాని పిడి విరిగి ఉంది. ఇరవై ఏడు వేలు.

కొన్నవాడికి ఒక సందేశం రాశాను. 'దింపుతుంటే కిందపడి పగిలింది, మీ డబ్బు వాపసు చేస్తాను' అని. పంపేముందు చిన్నమ్మకు ఫోను చేసి సంగతంతా చెప్పాను.

"ధర ఎవలు చెప్పిన్రు?" అన్నది.

"నేనే."

"ఆయన తక్కువకు అడిగిండా?"

"లేదు."

"మరేంది? చెప్పినోనివీ నువ్వే, ఇయ్యనంటోనివీ నువ్వేనా? పైసలు తీసుకున్నంక గిట్లంటే మీ బాపు దుకాండ్ల గిరాకి చెప్పు తీస్తుండె."

"చిన్నమ్మా, కొత్త మిషన్ రాదు మరి."

"రాకపోతే పాతది జూద్దాం. పగలనిదాన్ని పగిలిందనకు కొడుకా, మీ చిన్నాయన మస్కట్ కెల్లి గీత పడకుంట తెచ్చిండు."

సందేశం చెరిపేసి, టేప్‌రికార్డరును థర్మకోల్ మధ్య పెట్టి పార్శిలు చేశాను.

వారం తర్వాత సిరిసిల్ల వెళ్లాను. ఒక కుట్టు షెడ్డు ఖాళీ చేస్తున్నారు. అందులో మోటారు మిషను ఒకటి అమ్మకానికి ఉంది. యజమాని పద్దెనిమిది వేలు చెప్పాడు. బేరానికి నేను గొంతు సవరించుకుంటుంటే చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు నోరు తెరువకు. నీ బేరం జూసిన."

కూర్చుని ఒక చింకి గుడ్డ మీద ఇటూ అటూ కుట్టింది. దారం తెంపి, కుట్టును వెలుగుకు పెట్టి చూసింది. "పదిహేను" అని లేచింది. ఆ షెడ్డుకు రెండే మెట్లు. మొదటిది దిగింది, రెండోదాని మీద కాలు పెట్టింది.

"అక్కా, ఆగరాదు! గింత దూరమచ్చి ఉత్తగ పోతవా? పదిహేనున్నర చెయ్యి."

ఆమె వెనక్కి తిరగడానికి కావాల్సినదాని కంటే కొంచెం ఎక్కువ సేపు తీసుకుంది. అంత బాగా మా బాపు కూడా నిలబడలేదు.

మిషను ఆటోలో ఎక్కింది. బడులు తెరవడానికి ఇంకా పన్నెండు రోజులు. దారిలో వాన మొదలైతే, ఒకప్పుడు టేప్‌రికార్డరు మీద కప్పిన పూల గుడ్డను చిన్నమ్మ సంచిలోంచి తీసి మోటారుకు చుట్టింది.

ఇక లెక్క. అమ్మిన ధర పన్నెండు వేలు. సైటు కమిషను పన్నెండు వందలు, రవాణా పదకొండు వందల యాభై, థర్మకోలు, డబ్బా రెండు వందల నలభై. మిగిలింది తొమ్మిది వేల నాలుగు వందల పది. చిన్నమ్మ ఆరు వేలు కలిపితే పదిహేను వేల నాలుగు వందల పది. మిషనుకు తక్కువ పడిన తొంభై రూపాయలు నేను వేశాను. నా ఖాయం ధర వల్ల ఆమెకు రాకుండా పోయింది, ఇరవై ఏడు వేల మీద కమిషను కూడా తీసేసి చూస్తే, పదమూడు వేల ఐదు వందలు. అది నేను ఇవ్వలేదు, ఇస్తానని అనలేదు కూడా. ఆటో కిరాయి నూట ఇరవై. అదీ చిన్నమ్మే ఇచ్చింది.